మడమ ముందు, తర్వాత వేళ్లు

ఒరేయ్,

ఆపరేషన్ బాగా జరిగిందని మీ ఆవిడ చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. నీతో మాట్లాడాక మాత్రం దిగులేసింది. "మామూలుగా ఎప్పుడు నడుస్తానురా" అని ఒకటే అడగడం! నేనూ నీలాగే చీలమండ కీలు మార్పించుకున్నవాణ్ణే కాబట్టి వివరంగా రాస్తున్నా.

ఇప్పుడు నీ పని నడవడం కాదురా, గాయం మాననివ్వడం. చీలమండ ముందువైపు చర్మం పలచన, కింద కండ ఉండదు. అందుకే అక్కడి కుట్లు మానడం కష్టం. కుట్లు తీయడానికి మామూలుగా రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటిదాకా ఎక్కువసేపు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. దిండ్లు పిక్క కింద పెట్టుకో, మడమకు ఒత్తిడి తగలనీయకు. కాలు కిందికి దించిన కాసేపటికే వేళ్లు ఊదారంగుకు తిరిగి, పాదం బరువెక్కి సలుపుతుంది. పైకి పెడితే సర్దుకుంటుంది. సర్దుకోకపోయినా, కుట్ల దగ్గర రసి కారినా, జ్వరమొచ్చినా, పిక్క గట్టిపడి నొప్పి పెట్టినా వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఆయాసమో ఛాతీలో నొప్పో వస్తే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మందు మానొద్దు. సిగరెట్ సంగతి నీకు దణ్ణం పెట్టి అడుగుతున్నా, గాయానికి దానంత శత్రువు లేదు.

బరువు ఎప్పుడు మోపాలో సర్జన్‌నే చెప్పనీ. కొందరికి రెండు వారాలకే చీలమండ కదలకుండా పట్టి ఉంచే బూటు వేసి మోపమంటారు, కొందరికి ఆరు వారాలు పడుతుంది. లోపల పెట్టిన లోహపు ముక్కలకు మన ఎముక పట్టుకోవాలి కదా. నా లెక్క చూసి నీ లెక్క వేసుకోకు. చంకకర్రలతో మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

అసలు కథ ఫిజియోథెరపీలో ఉంది. మనం ఏళ్ల తరబడి నొప్పి తప్పించుకోవడానికి పాదం బయటికి తిప్పి, తుంటి ఎత్తి నడిచాం. కీలు కొత్తదైనా నడక పాతదే ఉండిపోతుంది. నన్ను అద్దం ముందు నిలబెట్టి ఒక్కో అడుగూ నేర్పించారు: ముందు మడమ ఆనాలి, బరువు పాదం మీదుగా ముందుకు పాకాలి, చివర బొటనవేలితో నెట్టాలి. ఎంత చిన్న పనో అనిపిస్తుంది గానీ చెమటలు పట్టేవి. మోకాలు చాపి కూర్చుని, వేళ్ల కింద పాదానికి తువ్వాలు వేసి పట్టుకుని పాదాన్ని మెల్లగా మనవైపు లాక్కోవడం, ఆ తర్వాత గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, మడమలు లేపడం. ఇవన్నీ వాళ్లు మొదలుపెట్టమన్నాకే చెయ్యి. చెప్పాక మాత్రం ఒక్క పూట కూడా ఎగ్గొట్టకు.

ఇంకో మాట. పాదం కుర్రతనంలోలా వంగుతుందని ఆశపడకు. ఈ ఆపరేషన్‌తో ప్రధానంగా పోయేది కీళ్లవాతపు నొప్పి. అదే మహాభాగ్యం! సాయంత్రానికి వాపు రావడం ఏడాది దాకా కూడా ఉండొచ్చు, దానికి టెన్షన్ పడకు. పరుగు, గెంతులు వద్దంటారు. నడక, ఈత, సైకిల్ హాయిగా చేసుకోవచ్చు. కారు నడపడం సంగతి డాక్టర్ సరేనన్నాకే.

ఆదివారం వస్తున్నా. బాత్రూంలో కూర్చుని స్నానం చేయడానికి కుర్చీ వేశారా? లేకపోతే చెప్పు, నా దగ్గరున్నది పట్టుకొస్తా.

నీ వాడు