మారతహళ్లి టీకొట్టు దగ్గర కలిసిన పెద్దాయనకు

అయ్యా, ఆరోజు మీ పేరు అడగలేదు. ఆ బాధ ఇంకా ఉంది.

పోయిన వేసవిలో, బెంగళూరులో. మా ఊరి బోరునీళ్లు పరీక్షకు ఇవ్వాలని గాజు సీసా పట్టుకుని అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతున్నాను. మాది అనంతపురం వైపు పల్లె. పిల్లల పళ్ల మీద గోధుమరంగు మచ్చలు చూసి ఒకటే టెన్షన్. మీరే "ఏం నాయనా, మన వైపేనా?" అని పలకరించారు. నీళ్లలో ఎక్కువైతే పళ్లకు అలాంటి మచ్చలు తెచ్చే ఫ్లోరైడ్ పరీక్షకు గాజు పనికిరాదు, ప్లాస్టిక్ సీసా కావాలి, మోటారు కాసేపు వదిలాక అదే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపాలి అన్నారు. అన్నీ ఓపిగ్గా కాగితం మీద రాసిచ్చారు.

రిపోర్టు వచ్చింది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడని ఫ్లోరైడ్ దానికి రెట్టింపు ఉంది. అమ్మ ఇన్నేళ్లూ నీళ్లు కాచి ఇచ్చేది. కాచితే క్రిములు చస్తాయిగానీ ఫ్లోరైడ్ పోదని, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ అది ఇంకా చిక్కబడుతుందని మీరు చెబితేనే తెలిసింది. రిపోర్టు చూపించాకే పంచాయతీలో కదలిక వచ్చింది. ఇప్పుడు ఆ బోరు నీళ్లు వాడకానికే, తాగడానికి కాదు.

కాగితం వెనక మీరు మరుగుదొడ్డి బొమ్మ కూడా గీశారు. రెండు గుంతలు, ఒకటి నిండితే రెండోదానికి మళ్లించి, మొదటిది ఏడాదికి పైగా మూసి ఉంచితే ఎరువవుతుంది. అడుగున సిమెంటు వద్దని కింద గీత గీసి మరీ రాశారు. మేస్త్రీ వేయబోతుంటే నాన్న ఆ కాగితం చూపించే ఆపించారు.

ఆరోజు టీ డబ్బులు కూడా మీరే ఇచ్చేశారు. మా ఇంటిల్లిపాదీ మీకు నమస్కారాలు.