మా గోడ మీది చింతచెట్టుకు చెయ్యేసిన అందరికీ

గోడ మీద చింతచెట్టు బొమ్మ నిన్న రాత్రి పూర్తయింది. వేళ్లకి అంటిన ఎనామిల్ ఇంకా వదల్లేదు, ఒళ్లు హూనమైంది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

తెలియనివాళ్లకి: చాదర్‌ఘాట్ వైపు మా కాలనీకీ, వెనక బస్తీకీ మధ్య గోడ ఇది. 2020 అక్టోబర్ వానల్లో నీళ్లన్నీ బస్తీ ఇళ్లలోకి పోయాయి. మీరు రోడ్డు ఎత్తు చేసుకున్నందుకేనని వాళ్లు, నాలా పక్కన మీరు ఇళ్లు కట్టినందుకేనని మావాళ్లు. గోడకున్న చిన్న గేటుకి తాళం పడింది. ఏం బొమ్మ వేయాలన్న దగ్గర మాత్రం గొడవ రాలేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారని రెండు వైపులా చిన్నప్పటి నుంచీ విన్నదే.

ముందు ఆ పెయింటర్ చాచాకి దండం. ఆయనెవరో మాకెవరికీ తెలీదు. టీవీఎస్ ఎక్సెల్ మీద పోతూ ఆగి, గోడని గోటితో గీకి చూసి, "తడి ఉందమ్మా. ఇప్పుడు రంగేస్తే ఉల్లిపొట్టులా లేస్తది" అన్నారు. అంతే, బండికి స్టాండేసి వైర్ బ్రష్ తీశారు. లప్పం, ప్రైమరు కూడా ఆయనే పట్టారు. గీతలు కొట్టడానికి నీలం పొడి అద్దిన దారం ఒక కొస మా సెక్రటరీ గారికిచ్చి, రెండో కొస ఆయనతో ఆ వానలప్పటి నుంచీ మాటల్లేని బస్తీ ఆటో అన్న చేతిలో పెట్టారు. "గట్టిగా గుంజండి భాయ్, వదులైతే గీత వంకర పోతది." జర పైకి అని ఈయన, చాలు చాలు అని ఆయన! మేం మీటింగుల మీద మీటింగులు పెట్టి మొత్తుకున్నా నోరిప్పని మనుషులు వీళ్లు.

కొమ్మల మీద ఎవరి మొహం వాళ్లు వేసుకోవద్దు, అవతలివాళ్లది వేయమన్నదీ చాచానే. మొహం వేయాలంటే కాసేపు చూడక తప్పదు కదా. బస్తీ నానమ్మ ఒకావిడ సెక్రటరీ గారిని బొజ్జతో సహా దించేసింది. బొజ్జ ఒక్కటి తగ్గించమ్మా అని ఆయన బతిమాలుకున్నారు. ఆవిడ తగ్గించలేదు.

చివర్లో కవరిస్తే చాచా తీసుకోలేదు. "ఈ చెయ్యి తెలుగు, ఉర్దూ బోర్డులు ఎన్ని రాసిందో. ఫ్లెక్సీలొచ్చాక పిలిచేటోళ్లు లేరు. మీరూ పిలవలేదు, నేనే వచ్చిన. పైసలెట్ల తీసుకుంట?" రోడ్డు మీదే ఏడ్చేశాను. గోడ మీద పేరు రాస్తామంటే వద్దన్నారు, అందుకే ఇక్కడా రాయట్లేదు.

మా ఆయన, పిల్లలు, అత్తయ్యగారు... వీళ్లకి ఇంట్లో చెప్పుకుంటాను.

పర్మిషన్ కోసం తిప్పించుకున్న ఆఫీసు గురించి రాయొద్దనుకున్నా, ఆగట్లేదు. రాత్రికి రాత్రి పోస్టర్లు అంటించిపోయేవాళ్లకి అక్కర్లేని కాగితం మాకెందుకో! సంతకం పెట్టే సారు ఎప్పుడూ లంచ్‌లోనే.

అయ్యో, నిచ్చెనలిచ్చిన టెంట్‌హౌస్ వాళ్లని మర్చిపోయాను. ఇరానీ హోటల్ నుంచి చాయ్ మోసిన పిల్లాడిని కూడా. రాత్రి లైటు కోసం కరెంటిచ్చిన మూలింటి ఆంటీకి బిల్లు మేమే కడతాం. గేటు తాళం సంగతి ఆదివారం మీటింగులో తేలాలి, రెండు వైపుల వాళ్లూ రండి. మిగిలిన రంగు డబ్బాలు మా మెట్ల కింద ఉన్నాయి, ఎవరికైనా కావాలంటే పట్టుకెళ్లండి.