కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడు అడ్డా దగ్గర

సభ్యులందరికీ నమస్కారం.

వీధిదీపాలు, చెత్త బండి, బోనాల ఏర్పాట్ల సంగతి వాట్సాప్‌ గ్రూపులో చూస్తూనే ఉన్నారు. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈసారి రాయాల్సింది చౌరస్తాలోని కూలీల అడ్డా గురించి.

ఎండాకాలమంతా అక్కడ చలివేంద్రం నడిపాం. పొద్దున్నే కుండలు నింపుతుంటే, సద్ది డబ్బా, తాపీ పక్కన పెట్టుకుని పనికోసం నిలబడ్డవాళ్లతో మాటలు కలిశాయి. ఎక్కువమంది పాలమూరు వైపువాళ్లే. వాన వెనకబడి పత్తి గింజలు రెండోసారి పెట్టడం, బోరు మీద బోరు వేయడం, వడ్డీ పెరగడం, చివరికి మేస్త్రి దగ్గర అడ్వాన్సు. వాతావరణ మార్పు వలసగా మారేది ఎక్కువగా ఈ అప్పుల దారినే. అలాగని వాన ఒక్కటే ఊరు విడిపించదు: కాలువ నీళ్లు అందాక సేద్యానికి తిరిగి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారట.

దీనిమీద కమ్యూనిటీ హాల్లో ఓ ఆదివారం చర్చ పెట్టాం. 2050 నాటికి ప్రపంచంలోని ఆరు ప్రాంతాల్లో 21.6 కోట్లమంది దాకా తమ దేశంలోనే మరోచోటికి తరలాల్సి రావచ్చని ప్రపంచ బ్యాంకు 2021లో అంచనా వేసింది. ఉద్గారాలు తగ్గించి, అభివృద్ధి అందరికీ అందితే ఆ సంఖ్య 80 శాతం దాకా తగ్గొచ్చని కూడా అదే నివేదికలో ఉంది. టీవీల్లో మొదటి అంకె ఒక్కటే చెబుతారు.

ఊళ్లో కరువు తప్పించుకుని వచ్చినవాళ్లకు నగరంలో చవకగా గది దొరికేది నాలా పక్కనే. 2020 అక్టోబరు హైదరాబాద్ వరదల్లో ముందు మునిగింది అలాంటి బస్తీలే.

రేషన్ విషయంలో కొంత పని జరిగింది. ఒడిశా లాంటి వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ల ఆహార భద్రత కార్డుకైనా ఇక్కడ బియ్యం ఇవ్వాలని నిబంధన ఉంది. కానీ సిమెంటు పనికి వేళ్లు అరిగిపోయి ఒకామెకు మిషన్‌లో ముద్ర పడలేదు. డీలరు పొమ్మన్నాడు. మనవాళ్లు వెంట వెళ్లి మాట్లాడాక, ఆమె భర్త వేలిముద్రతో ఇచ్చాడు.

అడ్డా వల్ల ట్రాఫిక్ ఆగుతోందని, తీయించమని కొందరు సభ్యులు కోరారు. కార్యవర్గం ఒప్పుకోలేదు. మన ఇళ్లకు స్లాబులు పోసింది వాళ్లే కదా! రోడ్డుకు పక్కగా షెడ్డు, మరుగుదొడ్డి కట్టించమని జీహెచ్‌ఎంసీకి అర్జీ రాశాం. సంతకాలు ఇంకా కావాలి, కాగితం వాచ్‌మన్ దగ్గర ఉంది.

– కార్యదర్శి