నువ్వు పంపిన పంచె

పొందూరు,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి చిన్నోడికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాన్న మోకాలి నొప్పి పెరగలేదు, తగ్గలేదు. ఫోన్‌లో చెబుదామంటే నువ్వు "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. దీన్ని ఫొటో తీసి మీ అప్ప నీకు వాట్సాప్‌లో పంపుతానంది.

సంక్రాంతికి నాన్నకి పంచె పంపి, ఎలా ఉందని అడిగావు కదా. బాగుందన్నాను. అబద్ధం చెప్పాను నాయనా.

కవరు మీద రాట్నం బొమ్మ, దాని కింద "ఒరిజినల్ పొందూరు ఖద్దరు" అని బంగారు రంగు అక్షరాలు. అవి చూసి నాన్న పొంగిపోయాడు. నేను మడత విప్పి రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపాను. ముప్పై ఏళ్లుగా నూలు వడికే దూది ఏకు పట్టుకుంటున్న వేళ్లు కదా, అబద్ధం ఇట్టే తెలిసిపోతుంది. మన నూలు వెలుతురుకి పట్టి చూస్తే ఒకచోట సన్నం, ఒకచోట కాస్త లావు. చేత్తో తీసింది అలాగే ఉంటుంది. నువ్వు పంపినదాంట్లో ప్రతి పోగూ స్కేలు పెట్టి గీసినట్టుంది. నాన్న పడుకున్నాక అంచు దగ్గర ఒక పోగు లాగి, దేవుడి దగ్గర దీపానికి పెట్టాను. పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి, ముట్టుకుంటే రాలిపోయే బూడిద అవుతుంది. ఇది ముడుచుకుపోయి, చివర నల్లటి పూసలా గట్టిపడింది. గోటితో నొక్కినా చితకలేదు. పత్తిలో పాలిస్టర్ కలిపి మరమగ్గం మీద నేసిన గుడ్డ అది.

నువ్వు మోసపోయావని నిన్ను తిట్టడం లేదు. కానీ నువ్వు ఈ ఇంట్లోనే పుట్టావు కదరా. నాయనమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతుంటే పక్కన కూర్చుని చూసినవాడివి. ఆ దవడతో వీపు గోక్కుని తన్నులు తిన్నది కూడా నువ్వే. ఆ చిన్న చిన్న పళ్లతో దువ్వి, చెత్త తీసేసి, గింజ వేరు చేసి, దూది ఏకి, ఏకులు చుట్టి, అప్పుడు కదా రాట్నం ముందు కూర్చునేది. 100 కౌంట్ నూలు, అంటే అంత సన్నటి నూలు, ఒక పంచెకి సరిపడా తీయాలంటే నాకు పక్షం రోజుల పైమాటే. తర్వాత మగ్గం పని వేరే. అలాంటిది తొమ్మిది వందలకి, దాని మీద ఇంకో పది శాతం తగ్గించి, ఇంటికి తెచ్చి ఇస్తామంటే నీకు అనుమానం రాలేదా? అసలుది వేలల్లో ఉంటుందని నీకు తెలుసు.

అసలైన ఖాదీ అని చూపే ఖాదీ మార్క్ లేకుండా ఖాదీ అని చెప్పి బట్ట అమ్మకూడదని 2013 నుంచి నిబంధన ఉంది. నువ్వు పంపిన పంచెకి ఆ ట్యాగే లేదు. అది అమ్మినవాడు పొందూరు ముఖం కూడా చూసి ఉండడు. నాకు ఎక్కడ మండుతుందంటే, ఆ గుడ్డ కొనుక్కుని నాలుగు ఉతుకులకి విసిగిపోయినవాడు వాడిని తిట్టడు, "ఛీ, పొందూరు ఖద్దరు ఇంతేనా" అంటాడు. మళ్లీ మన వాకిట్లోకి రాడు.

సరే, పంచె సంగతి వదిలెయ్యి. గుడ్డ నకిలీ అయితే పరువు పోతుంది, అంతే. అసలు ఈ ఉత్తరం రాస్తున్నది నువ్వు ఇక్కడ వదిలేసి వెళ్లిన ఛార్జర్ గురించి.

అదే, పెద్ద కంపెనీ పేరున్న తెల్లది. సగం ధరకే వచ్చిందని మురిసిపోయావే, అది. పోయిన మంగళవారం అప్ప దానికి ఫోన్ పెట్టి నులక మంచం మీద పడేసింది. పక్కనే నా ఏకుల బుట్ట. ప్లాస్టిక్ కాలిన వాసన వేసి చూస్తే ప్లగ్గు దగ్గర కరిగి గోధుమరంగుకి తిరిగింది. నాన్న స్విచ్ ఆపాడు. దూది పక్కన నిప్పు, ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో ఆలోచించు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ బావ దాన్ని శ్రీకాకుళం తీసుకెళ్లాడు. ఏడు రోడ్ల కూడలి దగ్గర తన రిపేరు షాపులో విప్పి, మంచి ఛార్జర్ పక్కన పెట్టి ఫొటో పంపాడు. చేత్తో పట్టుకుంటేనే తేడా తెలిసిందట, అసలుది బరువుగా ఉంది, ఇది వట్టి డొల్ల. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటు ఒక పక్క, ఫోన్‌కి పోయే 5 వోల్టులు ఇంకో పక్క ఉండాలి, మధ్యలో బాగా ఎడం ఉండాలి. ఇందులో ఆ రెండూ దాదాపు ఆనుకునే ఉన్నాయి. కరెంటు దాటకుండా మధ్యన చుట్టాల్సిన టేపు కూడా లేదు. ఫోన్ పట్టుకుని మాట్లాడుతుంటే ఆ కరెంటు చెవి దాకా వచ్చేయొచ్చు అన్నాడు బావ.

ఛార్జర్ వెనకాల బీఐఎస్ గుర్తు, అంటే భారత ప్రమాణాల సంస్థ గుర్తు, దాని కింద "ఆర్" అక్షరం, ఎనిమిది అంకెలు మాత్రం ఆ నకిలీవాడు ముద్దుగా అచ్చువేశాడు. ఆ అంకెల్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఇంకెవరో కంపెనీ పేరు వచ్చిందట! ఈ యాప్ నీ ఫోన్‌లో పెట్టుకో. ఒక్క నిమిషం పని.

ఇంకో సంగతి కూడా బావే చెప్పాడు. పెద్ద వెబ్‌సైట్‌లో కొన్నంత మాత్రాన ఆ వెబ్‌సైటే అమ్మినట్టు కాదట. అమ్మేవాడు వేరే ఉంటాడు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వాడి పేరు, చిరునామా, వస్తువు ఏ దేశంలో తయారైందో పేజీలోనే చూపించాలి. నువ్వు ఎప్పుడైనా అంత కిందికి చూశావా? నక్షత్రాలు చూసి కొనేస్తావు. ఆ నక్షత్రాలూ కొనుక్కోగలిగినవే కదా. ఆ ఛార్జర్ బిల్లు ఉంటే వెతుకు. వాళ్లు డబ్బులు తిరిగి ఇవ్వకపోతే 1915 కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టు. డబ్బు కోసం కాదు, ఇంకొకరి మంచం మీదకి అది వెళ్లకూడదని.

బూట్లు నకిలీవైతే అవనీ, అరిగిపోతే పారేస్తావు. నాకు భయం నీ హెల్మెట్. అది కూడా ఆఫర్లో కొన్నానన్నావు. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న అంకె ఉన్న హెల్మెట్టే అమ్మాలని 2021 జూన్ నుంచి నిబంధన. గుర్తు ఉంది కదా అని ఊరుకోకు, దాని దగ్గరున్న లైసెన్సు నంబరు ఆ యాప్‌లో కొట్టి చూడు. గుర్తు ఎవడైనా అచ్చువేస్తాడు, మన ఊరి పేరు వేసినట్టే.

పంచె సంగతి నాన్నకి చెప్పలేదు. మొన్న ఆమదాలవలసలో పెళ్లికి అదే కట్టుకుని వచ్చాడు. "మా చిన్నోడు పంపాడు" అని కనబడిన వాళ్లందరికీ అంచు చూపించాడు. అక్కడ ఇద్దరు నేతగాళ్లు ఉన్నారు, పట్టుకుని చూసి "బాగుంది" అన్నారు. వాళ్లకి తెలియక కాదు.

నాన్నకి తెలిసిపోయిందేమో అని కూడా నాకు అనుమానం. నువ్వు అడగకు.

హెల్మెట్ వెనకాల ఫొటో తీసి ఈ సాయంత్రమే అప్ప ఫోన్‌కి పంపు. అక్షరాలు కనబడేలా, వెలుతురులో తియ్యి.

ఉంటాను,
అమ్మ