జోడీ లేని బంగారు పతకం

హనుమకొండ,
ఆదివారం రాత్రి.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులు దాటింది. నువ్వు అడిగిన దానికి అవుననో కాదనో ఒక ముక్కలో చెప్పి ఊరుకోవడం ఇష్టం లేక ఇన్నాళ్లూ ఆగాను. "బరువు చూసే కదా జోడీ కడతారు, 42 కిలోల ఆడపిల్లకూ 42 కిలోల మగపిల్లవాడికీ మధ్య మళ్లీ ఈ వేరే విభాగాలెందుకు, నా బిడ్డ కుస్తీ నేర్చుకుంటానని పట్టుబట్టింది, ఎవరితో ఆడించమంటావు" అని నువ్వు ఒక్క ఊపిరిలో అడిగావు. ఈలోగా ఇక్కడ పిల్లలకు ఒక ఎంపిక పోటీ జరిగింది. నేను మ్యాట్ పక్కన స్కోరు రాయడానికి కూర్చున్నాను. అక్కడ చూసిన సంగతి ముందు చెబుతాను, నీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉందని నాకు అనిపిస్తోంది.

15 ఏళ్లలోపు బాలికల 42 కిలోల విభాగాన్ని పిలిచారు. ఎర్ర జెర్సీ వేసుకున్న ఒక అమ్మాయి వచ్చింది. సర్కారు బడిలో ఎనిమిదో తరగతి చదువుతోందట. పిన్నులు, క్లిప్పులు పెట్టుకోకూడదని ఎవరో చెప్పినందుకు రెండు జడలనూ తల చుట్టూ తిప్పి నల్లదారంతో బిగించి కట్టుకుంది. మ్యాట్ మధ్యకు నడిచి వచ్చి, కాళ్లు ఎడం చేసి, నడుము కొంచెం వంచి, మనకు తాలీంలో నేర్పినట్టే నిలబడింది. నీలం వైపు ఎవరూ లేరు. పిలవడానికి రెండో పేరే లేదు. రిఫరీ ఆమె చెయ్యి పట్టుకొని పైకెత్తాడు, చప్పట్లు కొట్టారు, మధ్యాహ్నం మెడలో బంగారు పతకం వేశారు. సాయంత్రం నేను బల్ల మీద కాగితాలు సర్దుకుంటుంటే ఆ పిల్ల పతకాన్ని పిడికిట్లో పట్టుకొని వచ్చి, "సార్, నేను ఎవర్ని గెలిచిన?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆమె పేరుకు ఎదురుగా ఉన్న గడిని ఖాళీగా వదిలి, కింద సంతకం పెట్టింది నేనే కదా.

అదే రోజు మగపిల్లల 44 కిలోల విభాగంలో పదకొండు మంది ఉన్నారు. మూడో స్థానం కోసం జరిగిన కుస్తీలో ఓడిన పిల్లవాడు, ఏ పతకమూ లేకుండా ఇంటికి పోయినవాడు, ఆ రోజు నేర్చుకున్న దాంట్లో పదో వంతు కూడా ఈ అమ్మాయికి దక్కలేదు. మిత్రమా, నాకు అన్యాయంగా తోచింది ఇదే. విభాగాలు వేరు చేయడం తప్పు కాదు. వేరు చేసి, ఆ వేరు చేసిన చోటును ఖాళీగా వదిలేయడం తప్పు.

ఇక నువ్వన్న బరువు మాటకు వద్దాం. మనం చిన్నప్పుడు బోధన్ వైపు మీ మేనమామగారి ఊళ్లో చూసిన కుస్తీలు నీకు గుర్తున్నాయి కదా. కొబ్బరికాయ కుస్తీతో మొదలుపెట్టి, పొద్దు వాలే వేళకు వెండి కడెం కుస్తీ దాకా నడిపేవారు. అక్కడ తూకం బండి ఉండేది కాదు. పెద్దమనుషులు ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి, భుజాలు తడిమి, "జోడీ కుదిరింది" అనేవారు, కుదరకపోతే చుట్టూ కూర్చున్న జనమే ఊరుకునేవారు కాదు. సమానమైన వాళ్లనే బరిలోకి దింపాలన్న పట్టుదల మన పల్లె కుస్తీలోనే ఉంది, దాన్ని ఎవరో బయటి నుంచి తెచ్చి నేర్పలేదు. ఆ భుజాలు తడమడంలో వాళ్లు చూసింది బరువు ఒక్కటే కాదన్నది నువ్వు గమనించాలి. కండ ఎంత, ఎముక ఎంత, వయసు ఎంత అన్నీ చూసేవారు. కిలోలు ఆ సమానత్వంలో ఒక భాగం మాత్రమే.

పది పదకొండేళ్ల వరకు ఆడపిల్ల బలానికీ మగపిల్లవాడి బలానికీ పెద్ద తేడా ఉండదు. ఆ తరువాత ఒకటి రెండేళ్లు ఎత్తులో తరచుగా ఆడపిల్లలే ముందుంటారు, ఎందుకంటే వాళ్ల ఎదుగుదల 11, 12 ఏళ్లకే ఊపందుకుంటుంది, మగపిల్లలది 13, 14 దాకా ఆగుతుంది. నా దగ్గర ఆరో తరగతి పిల్లలు కలిసి ఆడేటప్పుడు మగపిల్లలను వెల్లకిలా పడేసి లేచి నవ్వుకునే ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ ఉంటారు. మగపిల్లవాడి ఒంట్లో టెస్టోస్టెరాన్ పెరగడం మొదలయ్యాక లెక్క మారిపోతుంది. భుజాలు వెడల్పవుతాయి, ఎముక బలుస్తుంది, కండ పెరుగుతుంది. అప్పుడు తూకం బండి ఇద్దరికీ 42 అనే చూపించినా ఆ 42లో ఉన్నది ఒకటి కాదు. ఈ తేడా కాళ్లలో కంటే నడుము పైభాగంలో, చేతుల్లో, భుజాల్లో ఎక్కువ. కుస్తీలో పట్టు బిగించడం, మెడ వంచడం, ఎదుటివాడిని లాగి తిప్పడం అంతా అక్కడి బలంతోనే జరుగుతుందని నీకు నేను చెప్పనక్కర్లేదు. కాబట్టి పన్నెండేళ్ల వరకు కలిసి ఆడనిద్దాం, ఆ తరువాత పోటీలో విడదీద్దాం, సాధనలో మాత్రం జాగ్రత్తగా, ఉస్తాద్ కళ్ల ముందు, కలిసి పట్టనిద్దాం. నా అభిప్రాయం ఇది.

విడదీయడం అంటే చిన్నచూపు అని కొందరు వాదిస్తారు. మన వరంగల్ జిల్లా కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో కాంస్యం గెలిచినప్పుడు ఆ మాట ఎవరమైనా అన్నామా? ఆ విభాగమే లేకపోతే ఆమె ఏ గీత దగ్గర నిలబడేది? ఆ పరుగులో ఆమెతోపాటు పరుగెత్తినవాళ్లు, ఆమెను ఓడించగలవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ కాంస్యానికి అంత బరువు. మా 42 కిలోల అమ్మాయి పతకానికి లేనిది అదే.

పెద్దల కుస్తీలోనే ఆడవాళ్లకు చోటు ఎంత ఆలస్యంగా దొరికిందో చూడు. ఒలింపిక్స్‌లో మహిళల కుస్తీ మొదలైంది 2004లో, ఏథెన్స్‌లో, అదీ నాలుగే బరువులతో. 2012 వరకు మగవాళ్లకు ఫ్రీస్టైల్, నడుము కింద పట్టకూడని గ్రీకో రోమన్, ఈ రెండు పద్ధతుల్లో కలిపి 14 బరువులు ఉంటే ఆడవాళ్లకు ఆ నాలుగే. 2016 రియోలో మగవాళ్ల ఆ రెండు పద్ధతులకూ, ఆడవాళ్ల కుస్తీకీ ఆరు బరువుల చొప్పున సమం చేశారు. ఆ రియోలోనే సాక్షి మలిక్ 58 కిలోల్లో కాంస్యం తెచ్చింది, మన దేశపు ఆడపిల్ల కుస్తీలో ఒలింపిక్ పతకం గెలవడం అదే మొదలు. ఒలింపిక్స్‌లో గ్రీకో రోమన్ పద్ధతిలో మాత్రం ఇప్పటికీ మగవాళ్లే ఆడతారు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో 2022లో, మళ్లీ 2023లో ప్రపంచ విజేత అయింది కదా, ఆమె మొదలుపెట్టిన రోజుల్లో నిజామాబాద్‌లో మగపిల్లలతోనే సాధన చేయవలసి వచ్చింది. ఒక్క నిఖత్ నిలదొక్కుకుంది. జోడీ దొరక్క మానేసినవాళ్ల పేర్లు మనకు తెలియవు.

ఆ రోజు ఒక పెద్దమనిషి, పిల్ల ఏడుపు ముఖం చూడలేక, "పోనీ ఆ మగపిల్లల్లో ఒకడితో పట్టిద్దాం" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ అలా చేస్తే ఇద్దరు పిల్లలనూ ఇరకాటంలో పెట్టినట్టే. 2011లో అమెరికాలోని అయోవా రాష్ట్ర పోటీల్లో ఇలాగే అయింది. తన మత విశ్వాసం ఒప్పుకోదని ఒక అబ్బాయి అమ్మాయితో తలపడకుండా తప్పుకున్నాడు, ఆమె చెయ్యి ఎత్తారు. పిల్లవాడు ఏడాదంతా పడ్డ కష్టం పోయింది, ఆ అమ్మాయికీ పోరాడి గెలిచే అవకాశం పోయింది. తరువాత అక్కడ హైస్కూలు అమ్మాయిలకు వేరే పోటీలు పెట్టారు, 2023లో వాళ్ల రాష్ట్ర పోటీలు అధికారికంగా జరిగాయి. హవాయిలో అయితే 1998 నాటికే పెట్టారు. పిల్లలను ఇరకాటంలో పెట్టడం మాని, పెద్దవాళ్లు ఏర్పాటు చేయవలసినది ఏర్పాటు చేశారు.

టెక్సాస్‌లో ఉండే మా మేనల్లుడు చెప్పిన ఇంకో సంగతి నన్ను చాలా రోజులు ఆలోచనలో పడేసింది. అక్కడ 2017లో, ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతుకుతున్న ఒక విద్యార్థి, వైద్యుల సలహాతో టెస్టోస్టెరాన్ తీసుకుంటున్నవాడు, నన్ను మగపిల్లలతో ఆడనివ్వండి అని వేడుకున్నాడు. జనన ధ్రువపత్రంలో ఉన్నదే లెక్క అని అక్కడి నియమం. అమ్మాయిల విభాగంలోనే ఆడించారు, ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ అతనే గెలిచాడు. అతనికి అక్కడ ఆడాలని లేదు, ఎదుటి అమ్మాయిలకు సమానమైన జోడీ లేదు, గ్యాలరీలోని పెద్దలు మాత్రం ఆ పిల్లవాడినే తిట్టారు. ఇలాంటి పిల్లల విషయంలో అన్నిటికీ సరిపోయే జవాబు నా దగ్గర ఉందని చెప్పను. అయితే ఒకటి మాత్రం గట్టిగా నమ్ముతాను. ఎవరు ఎవరితో పట్టాలన్నది కాగితం ఒక్కటే చూసి తేల్చకూడదు, తేల్చింది తప్పయితే ఆ నింద పిల్లల మీద వేయకూడదు.

మన దగ్గర కావలసిన ఏర్పాటు పెద్దదేమీ కాదు. పక్కపక్క బరువుల అమ్మాయిలను, 39 వాళ్లనూ 42 వాళ్లనూ, తల్లిదండ్రుల అంగీకారంతో కలిపి, అందరితో అందరూ తలపడేలా ఆడించవచ్చు. అంతర్జాతీయ నియమాల్లోనే తక్కువ మంది ఉన్న విభాగానికి అలా అందరితో అందరినీ ఆడించే పద్ధతి ఉంది. వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జనగామ పిల్లలను ఒక్క చోటికి పిలిస్తే ప్రతి బరువుకూ నలుగురైనా వస్తారు. తూకం వేసే గదిలో, మ్యాట్ పక్కన, ప్రయాణంలో ఒక మహిళా కోచ్ ఉండాలి. 2023లో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర మన మల్లయోధురాళ్లు లైంగిక వేధింపుల మీద న్యాయం కోరుతూ రోజుల తరబడి కూర్చున్నది చూశాక ఏ తల్లి అయినా మొదట అడిగేది దాని గురించే, అడగాలి కూడా. మా పోటీకి ఆ ఒక్క ఏర్పాటూ చేయలేదు. తూకం గది బయట తలుపు పట్టుకొని నిలబడింది ఒక పిల్ల పెద్దమ్మ.

తూకం గురించి ఇంకొక్క మాట, ఇది నీ కోసం. 2024లో పారిస్‌లో వినేశ్ ఫోగట్ ఫైనల్ రోజు ఉదయం 50 కిలోలకు 100 గ్రాములు ఎక్కువ తూగి అనర్హురాలైన సంగతి విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె పెద్దది, తన నిర్ణయం తాను తీసుకోగలదు. మొన్న మా దగ్గర మాత్రం పదమూడేళ్ల పిల్లవాడు బరువు తగ్గాలని ఎండలో రెయిన్‌కోటు వేసుకొని గ్రౌండ్ చుట్టూ పరుగెత్తుతున్నాడు, తండ్రి నీళ్ల సీసాను తన చంకలో పెట్టుకొని చూస్తున్నాడు. నేను వెళ్లి ఆ సీసా లాక్కుని పిల్లవాడికి తాగించాను, ఆ తండ్రి నాతో ఇప్పటికీ మాట్లాడడం లేదు. ఎదిగే పిల్లలు ఎంత తూగితే అంతలోనే ఆడాలి.

నీ బిడ్డ 41 కిలోలని రాశావు. వచ్చే ఆదివారం పొద్దున జమ్మికుంటలో రైలెక్కించి కాజీపేటకు తీసుకురా, నేను స్టేషనుకు వస్తాను. చెల్లెమ్మను కూడా రమ్మను, అక్కడ ఆమె కూర్చుంటే పిల్లలిద్దరికీ ధైర్యంగా ఉంటుంది. ఇద్దరని ఎందుకన్నానంటే ఆ ఎర్ర జెర్సీ అమ్మాయికి కబురు చేశాను. జమ్మికుంట నుంచి తన బరువు పిల్ల వస్తోందని చెబితే, ముందు నమ్మలేదు, తరువాత "ఆమెకు ఏ పట్టు వస్తది సార్" అని మూడుసార్లు అడిగింది. బిడ్డకు పొద్దున్నే కడుపునిండా తినిపించి తీసుకురా, గోళ్లు కత్తిరించు, చెవి కమ్మలు ఇంట్లోనే తీసి పెట్టించు.

నీ మిత్రుడు