కలకత్తా నుంచి తెచ్చిన మాట

కావలి,
మంగళవారం రాత్రి

ఒరేయ్ మాలకొండయ్యా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. జవాబు రాయలేదని తిట్టుకునే ఉంటావు, క్షమించు. ఫోన్ చేద్దామంటే నువ్వేమో మీ కొండమీది స్వామిలాగా శనివారం తప్ప దర్శనం ఇవ్వవు. అయినా ఇది ఫోన్లో అయ్యే సంగతి కాదు.

ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తాను. నాట్లు అయిపోయాయి. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. ఖరగ్‌పూర్‌లో అమ్మాయి, అల్లుడు, మనవడు బాగున్నారు. మీ చెల్లెలు నిన్నూ వదిననూ అడిగినట్టు రాయమంది. అంతే.

మనవణ్ణి చూడ్డానికి వెళ్లిన వాళ్లం, ఆదివారం అందరం కలిసి కలకత్తా చూసొచ్చాం. హౌరాలో రైలు దిగి, లాంచీ ఎక్కి హుగ్లీ దాటి, బాబూఘాట్‌లో దిగాం. 1830లో రాణీ రాస్మణి భర్త జ్ఞాపకంగా కట్టించిన రేవు అది. అక్కడి నుంచి నాలుగడుగులు వేశామో లేదో, చెరువుకట్ట ఎక్కి ఆయకట్టు చూసినట్టు కళ్ల ముందు పచ్చగా పరుచుకుంది మైదాన్. దాదాపు వెయ్యి ఎకరాలు! ఊరి నడిబొడ్డున! ఒక పక్క గొర్రెలు మేస్తున్నాయి, ఒక పక్క గుర్రాలు. ఎన్ని క్రికెట్ ఆటలు ఒకేసారి జరుగుతున్నాయో లెక్కపెట్టలేకపోయాను. నాకు మన హైస్కూల్ గ్రౌండే గుర్తొచ్చింది. ఇప్పుడు దాంట్లో సగం షాపులే కదరా. మనం నిమ్మతొనల కోసం కొట్టుకున్న ఆ మూల ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు.

విక్టోరియా మెమోరియల్ కూడా చూశాం. రాళ్ల వ్యాపారివి కాబట్టి నీకోసం చెబుతున్నాను, అంతా మక్రానా పాలరాయి, తాజ్‌మహల్‌కు వాడిన రాయే. 1906లో శంకుస్థాపన చేస్తే 1921లో తెరిచారు. ఈలోపు రాజధాని ఢిల్లీకి వెళ్లిపోయింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బాంబులు పడతాయని ఈ తెల్లటి భవనానికి నల్లరంగు పూశారట. నువ్వుంటే ఆ గోడ మీద చెయ్యేసి రేటు చెప్పేవాడివి. మీ చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముందు ఇదెంత అని కూడా అనేవాడివి.

సరే, అసలు సంగతి. మనవడు నిద్రపోతే వాణ్ణి ఒళ్లో వేసుకుని చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాను. మిగతావాళ్లు షహీద్ మినార్ వైపు వెళ్లారు. పక్కన ఒక ముసలాయన, రిటైరైన పంతులు. ఆయన ఇంగ్లీషు, నా హిందీ, ఎలాగో మాటలు కలిశాయి. ఇంత నేల ఖాళీగా ఎలా మిగిలిందండీ అని అడిగాను. ఆయన గడ్డి దిబ్బల వెనక దాగి ఉన్న కోటను చూపించాడు. 1757లో ప్లాసీ యుద్ధం గెలిచాక ఈస్టిండియా కంపెనీవాళ్లు కొత్త ఫోర్ట్ విలియం మొదలుపెట్టారు. 1781కి పూర్తయింది. ఫిరంగి గుండుకు ఏదీ అడ్డుండకూడదని చుట్టూ అడవి కొట్టేశారు, గోవిందపూర్ అనే ఊరినే ఖాళీ చేయించారు. అందుకే బెంగాలీలు దీన్ని గడేర్ మాఠ్, అంటే కోట బయలు అంటారట. మన గడి మాటే కదా అది! ఇప్పటికీ నేల సైన్యానిదే కాబట్టి ఎవరూ ప్లాట్లు వేయలేకపోయారు. ఊరిని లేపేసి చేసిన బయలు ఇప్పుడు ఊరికి ఊపిరి. అది విన్నాక పచ్చిక మీద కాలు పెట్టాలంటే ఏదోలా అనిపించింది.

తర్వాత ఆయన, మీది ఏ ఊరండీ అని అడిగాడు. నెల్లూరు జిల్లా, తెలుగువాళ్లం అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "తెలెంగా!" అన్నాడు.

పాత బెంగాలీలో తెలెంగా అంటే సిపాయి అట్రా! 1756లో బెంగాల్ నవాబు కలకత్తాను పట్టుకుంటే, కంపెనీ సేనాని క్లైవ్ మద్రాసు నుంచి ఓడల్లో సిపాయిలను తెచ్చి 1757 జనవరి 2న మళ్లీ తీసుకున్నాడు. వాళ్లు తెలుగు దేశం వాళ్లని ఇక్కడి జనం తెలెంగాలు అన్నారు. తర్వాత బీహారువాడైనా సరే, కంపెనీ దుస్తులు వేసుకుంటే తెలెంగాయే. మన పేరు అక్కడ ఒక కొలువు పేరై కూర్చుంది. గర్వపడాలో బాధపడాలో ఇప్పటికీ తెలియడం లేదు నాకు. అదే 1757లో కల్నల్ ఫోర్డ్ మన నెల్లూరు మట్టికోట మీదికొచ్చి పట్టుకోలేక తిరిగిపోయాడని సోషల్ అయ్యవారు బల్ల గుద్ది చెప్పేవారు, గుర్తుందా? ఇక్కడ మన గోడ నిలిచింది. అక్కడ మనవాళ్ల తుపాకులతోనే...

అప్పుడు మీ అవ్వ గుర్తొచ్చిందిరా. చింతచెట్టు కింద మనకు అన్నం కలిపి పెడుతూ చెప్పేది కదా, మీ వంశంలో ఒకాయన తూర్పుకు ఓడెక్కి వెళ్లి తిరిగి రాలేదని, ఆయన పేరున పెద్దలకు పెట్టే రోజు ఒక ముద్ద విడిగా తీసేదని. అది రంగూనే అయ్యుండొచ్చు, అంత పాతది కాకపోవచ్చు. కానీ ఆ బెంచీ మీద కూర్చుంటే నాకు ఆ ముద్దే కనిపించింది. "మీ దగ్గర వాళ్లను ఎవరైనా తలుచుకుంటారా?" అని ఆయన అడిగాడు. మీ అవ్వ సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లేచి వెళ్తూ మనవడి తల నిమిరాడు.

మీ ఇంట్లో ఆయన పేరు ఎవరికైనా తెలుసేమో, పెద్ద మేనత్తను అడుగు. ఆవిడకి తొంభై దాటాయి, ఆలస్యం చేయొద్దు. పేరు, ఏ రేవులో ఓడెక్కాడు, ఏ...

గేటు దగ్గర లారీ హారన్ కొడుతున్నాడు. మీ ఊరికే రాయికి వెళ్తున్నాడు, వాడి చేతికే ఇస్తున్నాను. డబ్బాలో బెల్లం సందేశ్ మిఠాయి ఉంది, రేపే తినేయండి. మిగతాది

నీ శీను