హైదరాబాద్–డాలస్ దూరం, ప్రయాణ సమయం మీ యాప్‌లో తప్పుగా చూపడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

అయ్యా,

మేం హైదరాబాద్‌లో విమాన టికెట్లు బుక్ చేసే ఏజెంట్లం. మీ యాప్‌లో హైదరాబాద్, డాలస్ అని కొడితే పైన "7,775 మైళ్లు, 18 గంటలు" అని వస్తోంది. రెండూ తప్పే.

శంషాబాద్ నుంచి డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయానికి భూగోళం మీద అతి దగ్గరి దారి సుమారు 14,400 కిలోమీటర్లు, అంటే దాదాపు 8,950 మైళ్లు. మీరు చూపేది ఓడలు, విమానాల దూరాలకు వాడే నాటికల్ మైళ్ల లెక్క. నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, మామూలు మైలు 1.609. "నాటికల్" అన్న మాట పక్కన లేనందువల్ల, కిలోమీటర్లలోకి మార్చుకునేవాళ్ల లెక్కలో 1,900 కిలోమీటర్లు ఎగిరిపోతున్నాయి.

సమయం తప్పు ఇంతకన్నా పెద్దది. 14,400ని గంటకు 800తో భాగించి 18 అని వేశారు. ఆ దగ్గరి దారి హిమాలయాలు దాటి, ఉత్తర ధ్రువానికి దాదాపు 500 కిలోమీటర్ల చేరువగా పోతుంది. కానీ ఆ దారిన హైదరాబాద్ నుంచి డాలస్‌కి నేరుగా వెళ్లే సర్వీసే లేదు. దుబాయ్ మీదుగా పోతే మొదటి అంచె 2,550, రెండోది 12,900 కిలోమీటర్ల పైన, వెరసి 15,450 దాకా. మొదటి అంచెకి దాదాపు 4 గంటలు, రెండోదానికి 16 గంటలు, మధ్యలో దుబాయ్‌లో 3 నుంచి 4 గంటలు. అంటే 24 గంటలకు అటూ ఇటూ. విమానం గేటు వదిలి రన్‌వే దాకా పాకే సమయం షెడ్యూల్‌లో కలిసే ఉంటుంది. మీ భాగహారంలో దానికి చోటే లేదు.

పోనూ రానూ ఒకే సమయం చూపడం కూడా సరికాదు. పైఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది, చలికాలంలో మరీ బలంగా. అందుకే డాలస్ నుంచి దుబాయ్ తిరుగు ప్రయాణం పోయేటప్పటికన్నా గంటకు పైగా తగ్గుతుంది.

ఇక గడియారం. డాలస్ మనకన్నా వేసవిలో 10:30, చలికాలంలో 11:30 గంటలు వెనుక. మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం ఇది మారుతుంది. మీ యాప్ ఏడాది పొడుగునా 10:30 మీదే నడుస్తోంది. తెల్లవారుజామున 4కి బయల్దేరి 24 గంటలు ప్రయాణిస్తే జనవరిలో అదే రోజు సాయంత్రం 4:30కి దిగుతారు. మీ యాప్ వాడే 10:30 తేడాతో లెక్కేస్తే అది 5:30 అవుతుంది.

ఈ దారిలో పిల్లల దగ్గరికి ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్లు చాలామంది. ఇన్సులిన్ వేళలు, చేతి సంచిలో పెట్టుకోవాల్సిన మాత్రలు ఈ గంటల్ని బట్టే లెక్కేసుకుంటారు. 18 అనుకున్నది 24 అయితే ఒక పూట మందు చెక్-ఇన్ పెట్టెలో ఉండిపోతుంది. మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే.

కాబట్టి ఆ భాగహారం తీసేయండి. ప్రతి అంచెకీ విమాన సంస్థ ప్రకటించిన గేటు నుంచి గేటు సమయాన్ని, మధ్యలో ఆగే గంటల్ని, మొత్తాన్ని విడివిడిగా చూపండి. దూరం కిలోమీటర్లలో వేసి, అది దగ్గరి దారిదో, అంచెలన్నీ కలిపినదో పక్కనే రాయండి. దిగే వేళ పక్కన తేదీ, "డాలస్ సమయం" అన్న మాట ఉండాలి. సరిదిద్దేదాకా ఆ అంకెలు కనిపించకుండా ఆపండి. ఏం చేశారో 15 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
హైదరాబాద్ ట్రావెల్ ఏజెంట్లు కొందరు